చేపల తొట్టి కేసు

"ఇదిగో చూడండి, మళ్ళీ చంపేసింది!"

లాయరు అరిచిన అరుపుకి తరగతి అంతా చేపల తొట్టి వైపు పరుగెత్తింది.

తొట్టి పక్కన కొత్తమ్మాయి నిలబడి ఉంది. చేతిలో చిన్న వల. వలలో తెల్లచేప, కదలకుండా. ఆ పిల్ల భుజం మీది బ్యాగు కూడా ఇంకా దించలేదు.

"నేను వచ్చేసరికే ఇలా పైకి తేలి ఉంది," అంది కొత్తమ్మాయి.

"పోయిన సోమవారం కూడా ఇదే మాట చెప్పావుగా!" అన్నాడు లాయరు.

లాయరు అంటే నిజంగా లాయరు కాదు. ఐదో తరగతి చదివే పిల్లాడు. ఏ విషయమైనా సరే, వాదన మొదలుపెడితే అవతలివాళ్ళు దండం పెట్టేదాకా వదలడు. అందుకని వాళ్ళ నాన్న ముద్దుగా లాయరూ అని పిలిచాడు. ఆ పిలుపు ఇంట్లోంచి బడికి వచ్చేసింది. వాడికి ఆ పేరంటే మహా గర్వం.

వాడు బెంచీ ఎక్కి నిలబడ్డాడు. చేయి పైకెత్తాడు.

"అందరూ వినండి. ఈ అమ్మాయి మన స్కూల్లో చేరకముందు ఒక్క చేపైనా చచ్చిందా?"

"లేదు!" అన్నారు పిల్లలు.

"చేరాక?"

"చచ్చాయి!"

"ఏ రోజు చస్తున్నాయి?"

"సోమవారం!"

"సోమవారం డ్యూటీ ఎవరిది?"

అన్ని తలలూ ఒక్కసారిగా కొత్తమ్మాయి వైపు తిరిగాయి.

"అంతే! కేసు అయిపోయింది," అని చేతులు దులుపుకున్నాడు లాయరు.

చూశారా, ఎంత చక్కగా తేల్చేశాడో! అంతమంది పిల్లల్లో ఒక్కరంటే ఒక్కరు "ఆగరా బాబూ, నువ్వు చూశావా?" అని అడగలేదు. ఆ సోమవారం డ్యూటీ అసలు కొత్తమ్మాయికి ఎందుకొచ్చిందో కూడా ఎవరికీ గుర్తు రాలేదు. రెండు రోజుల సెలవు తర్వాత తొట్టి నీళ్ళు కంపు కొడతాయి. మగ్గుతో సగం నీళ్ళు తోడి పారబోసి, మళ్ళీ నింపాలి. ఆ పని ఎవరికీ ఇష్టం లేదు. కొత్తగా వచ్చిన పిల్ల నోరెత్తదు కదా అని తనకి అంటగట్టారు. ఇప్పుడు ఆ డ్యూటీయే తన మీద నేరం అయి కూర్చుంది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంతలో సైన్స్ టీచర్ వచ్చింది. ఆవిడ చంకలో పరీక్ష పేపర్ల కట్ట ఉంది.

"ఏంటీ గోల?"

లాయరు మొత్తం చెప్పాడు. టీచర్ చచ్చిపోయిన చేపని చూసి, "అయ్యో" అంది. తర్వాత లాయరు వైపు తిరిగింది.

"ఈ అమ్మాయి ఏదైనా చేస్తుంటే నువ్వు కళ్ళారా చూశావా?"

"చూడక్కర్లేదు టీచర్. ఆలోచిస్తే తెలిసిపోతుంది."

కొత్తమ్మాయి కళ్ళనిండా నీళ్ళు. "నేనేం చెయ్యలేదు టీచర్."

టీచర్ మంచావిడే. కానీ ఆ రోజు తీరిక లేదు. పక్క తరగతి పిల్లలు పేపర్ల కోసం ఎదురు చూస్తున్నారు. "సరే సరే. విషయం తేలేదాకా సోమవారం డ్యూటీ లాయరు చేస్తాడు. నువ్వు తొట్టి జోలికి వెళ్ళకు," అనేసింది. ఆవిడకి తీరిక లేకపోతే శిక్ష ఆ పిల్లకి పడాలా?

మధ్యాహ్నానికల్లా కొత్తమ్మాయికి ఇంకో పేరు పడింది. చేపల రాక్షసి. ఆమె నడిచి వస్తుంటే పిల్లలు గబగబా నీళ్ళ సీసాలకి మూతలు పెట్టేసుకునేవాళ్ళు. "అమ్మో, మా నీళ్ళు!" అని కిచకిచ నవ్వేవాళ్ళు. ఆ ఆట మొదలుపెట్టింది బఠాణీ. వాడు పొట్టిగా గుండ్రంగా ఉంటాడు, లాయరుకి ప్రాణ స్నేహితుడు. లాయరు ఆ ఆట ఆడలేదు. ఆపనూ లేదు.

శుక్రవారం సాయంత్రం బడి వదిలారు. లాయరు ఎప్పటిలాగే చేపలకి టాటా చెప్పి, చిటికెడు మేత వేసి, బస్సు కోసం పరుగు తీశాడు.

సోమవారం వాడు అందరికన్నా ముందే బడికి వచ్చాడు. ఈ రోజు డ్యూటీ తనది. మెరిసిపోయే తొట్టి చూపించి, అందరి చేతా శభాష్ అనిపించుకోవాలి.

తలుపు తీసేసరికి కంపు గుప్పుమంది.

తొట్టిలో నీళ్ళు బియ్యం కడుగు నీళ్ళలా తెల్లగా ఉన్నాయి. చారల చేప పైకి తేలి ఉంది. మిగిలిన ఒక్క నారింజ రంగు చేప మూల నక్కి నోరు తెరుస్తోంది, మూస్తోంది. లాయరు వల ముంచి చారల చేపని బయటికి తీశాడు.

సరిగ్గా అప్పుడే బఠాణీ లోపలికి వచ్చాడు. వాడి వెనకే ఇంకో నలుగురు.

"ఒరేయ్! ఏంట్రా ఇది? నువ్వే చంపేశావా?"

"నోర్ముయ్! నేను వచ్చేసరికే ఇలా తేలి ఉంది!"

అన్నాక తెలిసింది లాయరుకి, ఆ మాట తను ఎక్కడ విన్నాడో. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

కొత్తమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి ఆమె ఏడవలేదు. గట్టిగా నడుచుకుంటూ వచ్చింది.

"ఇప్పుడేమంటావు? వారం రోజులుగా నేను తొట్టి వైపు తొంగి కూడా చూడలేదు."

మామూలు మనిషైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. కానీ చుట్టూ అందరూ చూస్తున్నారు. లాయరు ఓడిపోవడమా?

"నీ డ్యూటీ తీసేశారని కోపంతో శుక్రవారం ఏదో కలిపేసి ఉంటావు!" అన్నాడు.

"అవునవును!" అన్నాడు బఠాణీ.

కొత్తమ్మాయి ముఖం కందిపోయింది. ఏడుపుతో కాదు, కోపంతో.

"బాగుందే! నేను దగ్గరుంటే నేనే చంపినట్టు. దూరంగా ఉన్నా నేనే చంపినట్టు. మరి ఏం జరిగితే నేను చంపలేదని ఒప్పుకుంటావు? అది చెప్పు!"

లాయరు నోరు తెరిచాడు. ఎంత వెతికినా వాడి దగ్గర జవాబు లేదు. అది వాడికి జీవితంలో మొదటిసారి.

టీచర్ వచ్చి తొట్టి చూసింది. ఈసారి ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. "ఈ ఒక్క చేప కూడా పోయిందంటే తొట్టి తీసేస్తాను. చేపల్ని చంపుకునే తరగతి నాకొద్దు," అంది.

ఆ సాయంత్రం లాయరు ఇంట్లో మూతి ముడుచుకుని కూర్చున్నాడు. వాళ్ళ నాన్న లిఫ్ట్ మెకానిక్. వాళ్ళు ఉండే బిల్డింగులో లిఫ్ట్ కూడా ఆయనే చూసుకుంటాడు. అప్పుడే పని నుంచి వచ్చి చొక్కా మార్చుకుంటున్నాడు. తలుపు దబదబా మోగింది.

పై అంతస్తు పెద్దాయన. రెండు చేతుల్లో కూరగాయల సంచులు. మెట్లు ఎక్కీ ఎక్కీ రొప్పుతున్నాడు.

"ఏమయ్యా, నిన్న నువ్వు చెయ్యి పెట్టావు, ఇవాళ లిఫ్ట్ ఆగిపోయింది! తలుపు మూసుకోవడమే లేదు. బాగున్నదాన్ని పాడుచేశావు!"

లాయరుకి రక్తం పొంగింది. మా నాన్ననా అనేది?

"మీరు చూశారా? నాన్న పాడుచేయడం మీరు చూశారా?" అని ముందుకు దూకాడు.

"ఒరేయ్, పెద్దాయనతో ఆ మాటలేంటి? ఆగు," అన్నాడు నాన్న. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "నేనే పాడుచేసి ఉండొచ్చు సార్. చూస్తాను, పదండి," అన్నాడు. ఆ సంచులు కూడా అందుకున్నాడు.

లాయరు తెల్లబోయాడు. నేనే పాడుచేసి ఉండొచ్చు అంటాడేంటి? ఒక్క మాట కూడా వాదించడేంటి? కోపంతో కాళ్ళు నేలకి కొట్టుకుంటూ నాన్న వెనకే మెట్లెక్కాడు.

"నాన్నా, ఆయన ఊరికే అనేస్తే నువ్వు పడతావా? ఎవరో పిల్లలు తలుపు సందులో ఏదో కుక్కి ఉంటారు. మనం వెళ్ళి వాళ్ళని పట్టుకోవాలి!"

"కుక్కి ఉండొచ్చు. కానీ ముందు నేను ముట్టుకున్నవి చూసుకోవాలి కదా. నిన్న నా చేతులు ఎక్కడెక్కడ తగిలాయో నాకే బాగా తెలుసు."

లిఫ్ట్ పై అంతస్తులోనే ఆగి ఉంది. నాన్న టార్చి వేసి దాని తలుపు పక్కన పరిశీలించాడు. అక్కడ ఒక చిన్న గాజు కన్ను ఉంది. గుమ్మంలో మనిషి ఉంటే అది కనిపెడుతుంది, తలుపు మూసుకోనివ్వదు. నాన్న దాన్ని వేలితో తాకాడు. అది కాస్త పక్కకి తిరిగి ఉంది.

"దొరికింది. నిన్న దీన్ని తుడిచాను. అప్పుడే జరిగినట్టుంది."

ఆయన దాన్ని సరిచేశాడు. తలుపు మెత్తగా మూసుకుంది. లాయరు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ నాన్న మళ్ళీ దాన్ని పక్కకి తిప్పేశాడు! తలుపు తెరుచుకుని అలాగే నిలిచిపోయింది.

"మళ్ళీ పాడుచేస్తావేంటి?"

"ఇదే కారణమో కాదో తేలాలిగా. ఇది తిప్పితే ఆగాలి. సరిచేస్తే నడవాలి. అప్పుడు కదా నమ్మడం." ఇంకోసారి సరిచేశాడు. తలుపు మూసుకుంది. ఆయన లేచి, పెద్దాయనతో, "నా పొరపాటే సార్. మీకు శ్రమ అయింది," అన్నాడు.

కిందికి దిగుతుంటే లాయరుకి సిగ్గుతో పాటు కోపం కూడా ఉంది. "అయితే ఆయన అన్నదే నిజమైందిగా! చూడకుండానే కనిపెట్టేశాడుగా!"

"కనిపెట్టలేదురా, అనేశాడు. అది నిజమైంది, అంతే. చూడకముందు ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు."

లాయరు ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. తను చూశాడా? లేదు, అనేశాడు. ఇంకో సంగతి కూడా వాడి మనసులో మెదిలింది. చేపల తొట్టి దగ్గర తన చేతులు ఎక్కడెక్కడ తగిలాయి? శుక్రవారం చిటికెడు మేత. అంతేగా? చిటికెడు మేతకే చేప చచ్చిపోతుందా?

మర్నాడు కుళాయి దగ్గర కొత్తమ్మాయి సీసా నింపుకుంటోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. లాయరు అటూ ఇటూ చూసి దగ్గరికి వెళ్ళాడు.

"ఇదిగో... నువ్వు చంపి ఉండకపోవచ్చు. సారీ," అన్నాడు, వినీ వినపడనట్టు.

కొత్తమ్మాయి కుళాయి కట్టేసింది.

"నన్ను చేపల రాక్షసి అన్నారు. నేనిక ఈ స్కూలుకి రానని మా అమ్మతో చెప్పాను, తెలుసా? అందరి ముందు బెంచీ ఎక్కి అరిచావు. ఇప్పుడు కుళాయి దగ్గర గుసగుసలాడతావా? ఎంత గట్టిగా అన్నావో అంత గట్టిగా చెప్పు!"

సీసా మూత బిగించుకుని వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి మాటలో తప్పేముంది? అవమానం అందరి ముందూ, క్షమాపణ చాటునా? ఇదెక్కడి న్యాయం?

ఆ వారమంతా లాయరు వాదనలు మానేశాడు. బదులుగా అందరినీ అడగడం మొదలుపెట్టాడు. "టీచర్, కొత్తమ్మాయి వచ్చిన వారం మన తరగతిలో ఇంకేం మారింది?"

టీచర్ కాస్త ఆలోచించింది. "ఆ వారమే కదరా డ్యూటీలు పెట్టాను. అంతకు ముందు మేత నేనే వేసేదాన్ని. డబ్బా నా అల్మారాలో ఉండేది. మీకు అందాలని కిటికీ గట్టు మీద పెట్టాను."

కొత్తమ్మాయి వచ్చిందీ ఆ వారమే. మేత డబ్బా బయటికి వచ్చిందీ ఆ వారమే. లాయరు కళ్ళకి మాత్రం కొత్తమ్మాయి ఒక్కతే కనిపించింది.

శుక్రవారం చివరి గంట మోగింది. లాయరు ఆ రోజు పరుగెత్తలేదు. బస్సు పోతే పోనీ అనుకుని, బ్యాగు సర్దుతున్నట్టు తొట్టి పక్కనే నిలబడ్డాడు.

ముందు బఠాణీ వచ్చాడు. డబ్బా మూత తీసి చిటికెడు మేత వేశాడు. "రెండ్రోజులు ఎవరూ ఉండరు. పాపం ఆకలేస్తుంది దీనికి."

వాడు అటు వెళ్ళగానే రెండు జడల అమ్మాయి వచ్చింది. ఓ చిటికెడు. తర్వాత క్లాస్ లీడర్. వాడిది పెద్ద చెయ్యి, చిటికెడంటే గుప్పెడే. ఆ తర్వాత ఇంకొకరు. గది ఊడ్వడానికి వచ్చిన ఆయమ్మ కూడా కొంగుకి చేతులు తుడుచుకుని, "నీకెవరైనా పెట్టారో లేదో తల్లీ," అంటూ బిస్కెట్ పొడి రాల్చింది.

ప్రతి ఒక్కరూ ప్రేమగానే వేశారు. మిగతావాళ్ళు వేశారేమో అని ఒక్కరూ అడగలేదు.

నారింజ చేప నాలుగు పలుకులు తింది. మిగిలిన మేత నాని, ఉబ్బి, అడుగుకి దిగింది. లాయరు కళ్ళముందే నీళ్ళు మసక బారడం మొదలైంది.

అప్పుడు వాడు ఉలిక్కిపడి కిందికి చూసుకున్నాడు. తన చెయ్యి మేత డబ్బాలో ఉంది. వేళ్ళ మధ్య చిటికెడు మేత. ఎప్పుడు పెట్టాడో వాడికే తెలీదు. అలవాటు మరి.

ఒక్కసారిగా వాడికి తన మీద తనకే అసహ్యం, కోపం పుట్టుకొచ్చాయి. చేపల్ని చంపిన చేతుల్లో ఇదొకటి. ఈ చేతినే పైకెత్తి తను ఇంకొకరి మీద నేరం మోపాడు!

కొత్తమ్మాయి అప్పటికే గుమ్మం దాటుతోంది. పిల్లలు సగం మంది వరండాలో ఉన్నారు. లాయరు బెంచీ ఎక్కాడు.

"ఆగండి! అందరూ లోపలికి రండి!" వాడు అరిచిన అరుపుకి పక్క తరగతి పిల్లలు కూడా కిటికీలోంచి తొంగి చూశారు.

"కొత్తమ్మాయి చేపల్ని చంపిందని నేను అన్నాను. నేను చూడలేదు. చూడకుండానే అనేశాను. ఆ అమ్మాయి తప్పు చేసిందనడానికి నా దగ్గర ఏమీ లేదు. తప్పు చేసింది నేను! ప్రతి శుక్రవారం నేను తొట్టిలో మేత వేస్తాను. ఇప్పుడు మీరంతా వేయడం కూడా చూశాను. ఆ మేతంతా కుళ్ళి నీళ్ళు పాడవుతున్నాయని నా అనుమానం. ఇంకా ఎవరెవరు వేస్తారో చెయ్యెత్తండి!"

బఠాణీ చెయ్యి మెల్లగా లేచింది. రెండు జడల అమ్మాయిది లేచింది. క్లాస్ లీడర్ తల దించుకుని చెయ్యెత్తాడు. ఇంకా లేస్తూనే ఉన్నాయి. గుమ్మంలో చీపురు పట్టుకున్న ఆయమ్మ, "అయ్యో నా తల్లీ, నేనూ వేశాను," అంది. ఎత్తని చెయ్యి ఒక్క కొత్తమ్మాయిదే.

పేపర్ల కట్టతో వచ్చిన టీచర్ అంతా విని, ఆ కట్ట బల్ల మీద పెట్టేసింది. కొత్తమ్మాయి దగ్గరికి వెళ్ళి, "ఆ రోజు నేను నీ మాట వినిపించుకోవాల్సింది. నాదీ తప్పే తల్లీ," అంది.

కొత్తమ్మాయి లాయరు వైపు చూడలేదు. బ్యాగు దించి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, మగ్గు అందుకుంది. "ముందు ఈ నీళ్ళు మార్చాలి. లేకపోతే ఇది సోమవారం దాకా ఉండదు," అంది. లాయరు బకెట్ పట్టుకుని పరుగెత్తాడు. బఠాణీ వలతో అడుగున మేతంతా తీశాడు. డబ్బా మళ్ళీ టీచర్ అల్మారాలోకి వెళ్ళిపోయింది.

సోమవారం ఉదయం తరగతి అంతా గంట కొట్టకముందే తొట్టి చుట్టూ మూగింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. నారింజ చేప తోక ఊపుకుంటూ ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతోంది. కొత్తమ్మాయి చేతిలో వల పొడిగా ఉంది.

"బతికింది!" అని గంతులేశాడు బఠాణీ. "ఒరేయ్ లాయరూ, నువ్వు చెప్పిందే నిజం. మేతే చంపింది! ఇంక కేసు అయిపోయింది!"

అందరూ చప్పట్లు కొట్టారు. బెంచీ ఎక్కమని లాయరుని తోశారు. వాడు ఎక్కలేదు. తొట్టి గాజుకి ముఖం ఆనించి, చాలాసేపు చేపనే చూశాడు.

"ఇంకా తెలీదురా. ఒక్క సోమవారమేగా చూశాం," అన్నాడు. "వచ్చే సోమవారం కూడా చూద్దాం."

కొత్తమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ తరగతిలో ఆమె నవ్వు వినడం అందరికీ అదే మొదటిసారి.